తీర్థం అయిపోయింది

రోజూ మన వీధి వాట్సాప్ గ్రూపులో మీరు రాసినవి చదివి ఊరుకునేదాన్ని. ఈ సాయంత్రం దీపం పెట్టాక కూడా మనసు కుదుటపడక నేనే రాస్తున్నాను.

మా అమ్మాయి కాకినాడలో నర్సు. లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి నాలుగేళ్ల మనవరాలు మా దగ్గరే ఉంది. బడి లేదు కాబట్టి గుడి ఆట ఆడిస్తూ అంకెలు నేర్పుతున్నాను. ఇవాళ తనే పూజారి. ఒక్కో అంకె చెబుతూ బొమ్మలన్నిటికీ ఉద్ధరిణితో తీర్థం పోసింది. ఎక్కడా తప్పలేదు. నేను మురిసిపోయేలోపే ఉద్ధరిణి వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తింది.

"ఎక్కడికే బుజ్జమ్మా?"

"తీర్థం అయిపోయింది కదా అమ్మమ్మా. అమ్మ ఇంకా రాలేదేంటి?"

"ఇప్పుడొస్తుందని ఎవరు చెప్పేరు?"

"నువ్వే చెప్పేవు, తీర్థానికి వచ్చేస్తుందని."

నిజమే, చెప్పాను. నేనన్నది మా ఊరి గుడి దగ్గర ఏటా జరిగే తీర్థం, అంటే జాతర. ఈ ఏడు అది లేదని నిన్ననే చెప్పేశారు.

అంతలోనే బుజ్జమ్మ పంచపాత్ర నిండా మళ్లీ నీళ్లు పట్టుకొచ్చింది. "ఈసారి మెల్లిగా పోస్తానులే" అంది.

ఈ రెండు తీర్థాలకీ తేడా ఎలా చెప్పాలో తెలిస్తే చెప్పండి. ఇది మాత్రం మీ దగ్గరే ఉంచండి, మా అమ్మాయికి చూపించకండి. డ్యూటీలో ఉంది.