నత్తపెట్టెల మౌలాలీ

నరసరావుపేట స్టేషను రోడ్డు పక్క సందులో మౌలాలీ కొట్టు ఎక్కడని అడిగితే తెల్లమొహం వేస్తారు. నత్తపెట్టెల మౌలాలీ ఎక్కడని అడిగితే మాత్రం ఇస్త్రీబండి దగ్గర నిలబడ్డవాడు కూడా చెయ్యి చూపిస్తాడు. మనిషికి పేరు రావడం ఒక ఎత్తు, ఆ పేరు ముందు తాను చేసిన వస్తువు వచ్చి కూర్చోవడం ఇంకో ఎత్తు. ఆ భాగ్యం మౌలాలీకి యాభై దాటాక పట్టింది. అది ఎలా పట్టిందో తెలిసిన రోజు నుంచి ఆ పేరు చెవిన పడితే ఆయనకు ఒళ్ళు మండుతోంది.

వాళ్ళ నాన్న మీరా సాహెబ్ మైకుసెట్టు మనిషి. పెళ్ళయినా పీర్ల పండగైనా ఎన్నికలైనా, రేకు బూరా ఒకటి కరెంటు స్తంభానికి కట్టి ఊరి చెవులు చిల్లులు పడేలా మోగించేవాడు. కొడుక్కి ఆ రేకు గొంతు చిన్నప్పటి నుంచీ గిట్టేది కాదు. పాటలో డోలు ఎక్కడ పోయిందని అడిగితే, డోలుతో నీకేం పని, మాట వినపడిందా లేదా అని కసిరేవాడు తండ్రి. మాట వినపడితే చాలదని కొడుకు పట్టుదల. పెద్దయ్యాక ఆయన చేసిందంతా ఆ పోయిన డోలును వెతకడమే.

రేడియోలు బాగుచెయ్యడం నేర్చుకున్నాడు. రేడియోలు పోయి టీవీలు వస్తే వాటినీ నేర్చుకున్నాడు. గోడకు తగిలించే పల్చటి టీవీలు వచ్చాక బాగుచేయించుకునే నాథుడే లేకుండా పోయాడు. పాడైతే పారేసి కొత్తది కొంటున్నారు. పాత టీవీల్లోంచి పీకిన స్పీకర్లు, అరచేతిలో ఇమిడేవి, కొట్టు నిండా మిగిలాయి. ఈగలు తోలుకుంటూ కూర్చున్న ఆ రోజుల్లోనే, ఎవరో విదేశీయుడు చెక్కతో నత్తగుల్ల లాంటి బూరా చేసి, దాని నడుమ ఒకే ఒక్క చిన్న స్పీకరు బిగించి పాట వినిపించడం ఫోనులో చూశాడు. ఆ మనిషి మాట్లాడిన భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ పూట ఎన్నిసార్లు పిలిచినా అన్నానికి లేవలేదని భార్య జీనత్ ఇప్పటికీ దెప్పుతుంది.

పని చూడ్డానికి తేలిక. రెండు ప్లైవుడ్ పలకల మీద చుట్టలు చుట్టుకుపోయే గీత గీయాలి. అది నడుమ వేలంత సందుతో మొదలై, చుట్టు చుట్టుకూ వెడల్పవుతూ, చివర చేటంత నోరు తెరవాలి. ఆ గీత వెంబడి సన్నటి చెక్కపట్టీని వంచి గోడలా నిలబెట్టాలి. అక్కడే ఉంది తిప్పలంతా. ఎండు చెక్క వంచితే విరుగుతుంది. తడి గోనెపట్టాలో చుట్టి నానబెట్టి, మెత్తబడ్డాక ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెంగా వంచుతూ, జిగురు రాసి మేకులు కొట్టాలి. వెంట్రుకంత సందున్నా గాలి తప్పించుకుంటుంది, పాట చెడుతుంది. రంపపు పొట్టు జిగురులో కలిపి ఆ సందులు పూడ్చీ పూడ్చీ మౌలాలీ వేళ్ళు బండబారాయి.

చిన్న స్పీకరు చేసే చప్పుడు ఆ పొడుగాటి చుట్టల్లో నడిచి నడిచి పెద్దదై బయటికొస్తుందని, పెద్ద ఆంప్లిఫయర్లు అక్కర్లేదని, కారు బ్యాటరీ చాలని ఆయన నమ్మకం. చాలా పెట్టెలు పొయ్యి పాలయ్యాక ఒక జత నిలబడింది. కొట్టు మూలన పెట్టి మోగిస్తే మృదంగం ఎడమ దెబ్బ, తొప్పి అంటారు దాన్ని, గుండె మీద తట్టినట్టు పలికింది. మౌలాలీ కళ్ళు చెమర్చాయి.

ఆ జతను జనంలోకి తీసుకుపోయింది ధనుంజయరావు. షామియానాలు, కుర్చీలు, సౌండు సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం అతనిది. ఇద్దరూ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, ఒకరినొకరు "బావా" అని తప్ప పేరు పెట్టి పిలుచుకోనివాళ్ళు. ముప్పాళ్ళలో రాములవారి కల్యాణానికి నత్తపెట్టెలు మొదటిసారి బయట మోగాయి. భజనలో మృదంగం ఆ చివరినుంచి ఈ చివరికి వినపడిందని జనం వచ్చి మౌలాలీ చేతులు పట్టుకున్నారు. అక్కణ్ణుంచి కారంపూడి, మాచర్ల, సత్తెనపల్లి, ఎక్కడ హరికథన్నా, కవ్వాలీ అన్నా ధనుంజయరావు వ్యాను, అందులో మౌలాలీ పెట్టెలు.

ఇద్దరి పనీ వేరు. ధనుంజయరావు ముందే పోయి స్టేజీ కట్టించి తీగలు లాగేవాడు. మౌలాలీ తరువాత వచ్చి, నేరుగా జనం వెనక చివరి వరస కుర్చీలో కూర్చునేవాడు. ముందు వరసలో ఎవడైనా వింటాడు, చివరి వరసలో ముసలమ్మకు వినపడితేనే అది పెట్టె అనేవాడు. దగ్గరికి పోతే చెవి మోసపోతుందని కార్యక్రమం అయ్యేదాకా స్టేజీ వైపు అడుగు వేసేవాడు కాదు. ఆయన నియమం అందరికీ తెలుసు. ధనుంజయరావుకు అందరికన్నా బాగా తెలుసు.

అడిగినవాళ్ళకల్లా మౌలాలీ తన కొలతలు దాచకుండా ఇచ్చాడు. ఒకే చిన్న స్పీకరు, ఒకే బ్యాటరీ, వేరే పెట్టె ఏదీ అక్కర్లేదు అని మాట ఇచ్చి మరీ ఇచ్చాడు. గురజాల వడ్రంగి యాసిన్ ఆ కొలతలతోనే ఒక జత చేసుకుని, ఆరుబయట మోగించి, కొట్టుకు వచ్చాడు.

"మావయ్యా, మాట బాగొస్తంది గానీ తొప్పి పలకట్లా" అన్నాడు.

"నా పెట్టె పలుకుతుంటే నీది ఎందుకు పలకదు? అతుకుల్లో గాలి పోతంది. వడ్రంగివై ఉండి సందులు పూడ్చుకోలేవా?" అని మౌలాలీ నలుగురి ముందూ కడిగిపారేశాడు. యాసిన్ తల దించుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. మంచి పనివాడే, పొగరు ఎక్కువ అని మౌలాలీ అనుకున్నాడు. పొగరు ఎవరిదో అప్పటికి తెలియదు కదా.

నిరుడు ఉగాది నాడు క్రోసూరు మార్కెట్ యార్డు రేకుల షెడ్డు ముందు హరికథ. కథ చెప్పేది ఝాన్సీలక్ష్మి భాగవతారిణి. నిండుగా జనం. అదే రోజు మాచర్లలో ఏదో పెళ్ళికి ధనుంజయరావు జనరేటరు అద్దెకు వెళ్ళింది, ఇక్కడ ఊరి కరెంటే దిక్కు. మౌలాలీ ఎప్పటిలాగే చివరి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మృదంగం హాయిగా నడుస్తోంది. ఉన్నట్టుండి పైన ఫ్యాన్లు ఆగాయి. కరెంటు పోయింది.

భాగవతారిణి గొంతు ఆగలేదు. మైకు, చిన్న ఆంప్లిఫయరు, నత్తపెట్టెలు, అన్నీ బ్యాటరీ మీదే కదా. "చూశావా, మౌలాలీ పెట్టెలకి కరెంటుతో పనేంది" అని పక్కనున్న ముసలాయన మెచ్చుకోలుగా మోచేత్తో పొడిచాడు. మౌలాలీ ఆ మాట వినలేదు. ఆయన మృదంగం వింటున్నాడు. కుడిచేతి దెబ్బ టకటకమని వస్తోంది. ఎడమచేతి దెబ్బ లేదు. దూరాన స్టేజీ మీద మృదంగం వాయించే ఆయన ఎడమ చెయ్యి పడుతూ లేస్తూ కనిపిస్తోంది, చప్పుడు మాత్రం రావడం లేదు. కాసేపటికి ఫ్యాన్లు తిరిగాయి. ఫ్యాన్లతో పాటే తొప్పి కూడా తిరిగొచ్చింది.

నత్తపెట్టెకు కరెంటుతో సంబంధం లేదు. మరి కరెంటుతో పోయి, కరెంటుతో వచ్చింది ఎవరి గొంతు? మౌలాలీ లేచి, మొదటిసారిగా, కథ నడుస్తుండగానే స్టేజీ వెనక్కి పోయాడు. స్టేజీ కింద ఎర్ర పరదా చాటున బియ్యం బస్తాంత నల్లపెట్టె ఉంది. బజార్లో దొరికే బేసు బాక్సు. దాని తీగ కరెంటు బోర్డులోకి పోతోంది. మౌలాలీ దాని మీద చెయ్యి ఆనించాడు. తొప్పి మీద దెబ్బ పడ్డప్పుడల్లా ఆ పెట్టె అదురుతోంది.

ధనుంజయరావు పరుగున వచ్చి అక్కడే నిలబడిపోయాడు.

"ఇది ఎప్పట్నించి?" అని అడిగాడు మౌలాలీ.

"కథ అయిపోనీ బావా, మాట్లాడుకుందాం."

"ఎప్పట్నించని అడుగుతున్నా."

"ముప్పాళ్ళ నించి."

ఒకటి రెండు కార్యక్రమాలు కాదు. ఇన్నేళ్ళ చప్పట్లు, చేతులు పట్టుకుని మెచ్చుకున్నవాళ్ళు, పేరు ముందు వచ్చి కూర్చున్న ఆ నత్త, అన్నీ పరదా చాటు పెట్టెవి.

"నువ్వు రాకముందే మోగించి చూశా బావా. మాట కంచులాగా ఉంది, తొప్పి లేదు. నువ్వేమో కొత్త చొక్కా తొడుక్కుని, జీనత్ చెల్లెమ్మను వెంటబెట్టుకుని వస్తన్నావు. నీ మొహం చూసి ఎట్టా చెప్పేది? ఆ పూట గడిస్తే చాలనుకున్నా. అందరూ మెచ్చుకున్నాక ఇంక నోరు రాలా."

"నీ బేరాలు పెరిగినాక అసలు రాలా."

ధనుంజయరావు కాదనలేదు. "అదీ ఉందిలే" అన్నాడు నేల చూస్తూ.

మౌలాలీ వంగి ఆ తీగ పీకేశాడు. మిగిలిన కథంతా నత్తపెట్టెలే ఒంటరిగా మోశాయి. కూర్చున్న జనంలో ఒక్కడూ తేడా అడగలేదు. చివర్లో భాగవతారిణి ఆయన్ను స్టేజీ మీదకు పిలిచి, ఇంత చిన్న స్పీకరుతో ఇంత మృదంగం వినిపించిన చేతులివి అని శాలువా తెప్పించింది. మౌలాలీ మైకు అందుకుని, "తొప్పి నాది కాదమ్మా. స్టేజీ కింద వేరే పెట్టె ఉంది" అన్నాడు. జనం ఒక్క క్షణం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వరసలోంచి ఎవరో, "ఉంటే ఏమైందయ్యా, వినపడిందిగా" అన్నారు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. శాలువా భుజాల మీద పడింది. నిజం చెప్పినా ఎవరికీ పట్టని చోట నిలబడటం ఎంత అవమానమో ఆయనకు ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఉదయం పెట్టెను కొట్టు మూలన పెట్టి మోగించాడు. తొప్పి పలికింది. ఇంటి వెనక ఖాళీ స్థలంలోకి మోసుకుపోయి మోగించాడు. పలకలేదు. మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. రెండు గోడలు కలిసే మూల ఇచ్చిన బలాన్ని ఇన్నేళ్ళూ తన పెట్టె బలం అనుకున్నాడు. ఆరుబయట మోగాలంటే దాని నోరు ఇంకా చాలా పెద్దదిగా ఉండాలి. కొట్టు తలుపులోంచి బయటికి పట్టాలని చేటంత చాలనుకున్నాడు. ఇంత చిన్న సంగతి. ముప్పాళ్ళలో ఆ సాయంత్రం ఒక్క మాట చెప్పి ఉంటే తలుపు పీకించి అయినా చేసేవాడు.

కొన్నాళ్ళకు ధనుంజయరావు కొట్టుకు వచ్చాడు. మౌలాలీ పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. అతనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు బాధపడతావనే చెప్పలేదు బావా. ఆ పని మానేస్తావేమోనని."

"మానేసేవాణ్ణో ఇంకోటి చేసేవాణ్ణో నీకెట్టా తెలుసు? అప్పుడు చెక్క వంచితే నా చెయ్యి నిలిచేది. ఇప్పుడు సుత్తి మేకు మీద పడట్లా, వేలి మీద పడతంది. తప్పు నాది బావా. నా తప్పు నాకు ఇయ్యకుండా ఇన్నేళ్ళు నీ దగ్గర దాచుకున్నావు. గురజాలోణ్ణి నలుగుర్లో నిలబెట్టి కడిగిపారేశా. అతుకుల్లో గాలి పోతందన్నా."

ధనుంజయరావు కళ్ళు తుడుచుకున్నాడు. అతను దొంగ ఏడుపు ఏడవడం లేదు, అది మౌలాలీకి తెలుసు. తెలిసినందుకే ఇంకా కోపం వచ్చింది. దొంగయితే తిట్టి పంపించి నిద్రపోయేవాడు.

"ఇంకొక్కటి చెయ్యి బావా. చెక్క నేను పట్టుకుంటా, నువ్వు వంచు. ఎంత పెద్ద నోరైనా సరే. ఈసారి ఉన్నదున్నట్టు చెబుతా."

మౌలాలీ అతని మొహంలోకి చూశాడు. ఆ మొహం చూస్తూనే ఇన్నేళ్ళూ పెట్టె బాగుందో లేదో తెలుసుకున్నాడు.

"చేస్తా. చేసి నీకు వినిపిస్తా. నువ్వు బాగుందంటావు, నాకు నమ్మకం రాదు. బాగాలేదంటావు, అదీ నమ్మలేను. నా పెట్టెలు వినడానికి నాకున్నది నువ్వొక్కడివే గదరా. ఇంక ఎవరికి వినిపించుకోవాలి?"

అంతకు ముందు ఏనాడూ అతన్ని "రా" అనలేదు మౌలాలీ.