ఆపా పెళ్ళి అద్దం, నా దొంగ అడాప్టర్

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీద కాదు, చూపుడు వేలి చివర ఉండేది. కెమెరా మీట నొక్కడం, ఎవరో ఒకరిని తిట్టడం ఒకేసారి జరిగిపోయేవి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నిజం చెప్పొద్దూ, నవ్వు కంటే ముందు ఆ అడాప్టర్ గుర్తొచ్చి మళ్ళీ పళ్ళు కొరుక్కుంటాను. మట్టెవాడలో ఒక ఫోటో స్టూడియోలో పని నేర్చుకుంటున్న కాలమది. ఫోటోగ్రాఫర్లంతా మిర్రర్‌లెస్ అనే కొత్తరకం కెమెరాల మోజులో పడ్డారు, నేనూ పడ్డాను. సెకండ్ హ్యాండ్‌లో కెమెరా అయితే దొరికింది గానీ దానికి తగిన లెన్సు దొరకలేదు. మా యజమాని (సేఠ్ అనేవాళ్ళం) మూలన పడేసిన పాత లెన్సు ఒకటి బతిమాలి తెచ్చుకున్నాను. కెమెరా ఒక కంపెనీది, లెన్సు ఇంకో కంపెనీది, ఆ రెండింటినీ కలిపే అడాప్టర్ అనే రింగు మూడో కంపెనీది. సంబంధం కుదిర్చే మధ్యవర్తి లాంటిదన్నమాట: ఇటువాళ్ళకో మాట, అటువాళ్ళకో మాట చెప్పి, తీరా నిఖా రోజున మాయమయ్యే రకం. "ఆటోఫోకస్ మక్ఖన్ లెక్క పనిచేస్తది బ్రో" అని, అంటే ఫోకస్ దానంతటదే వెన్నలా కుదురుతుందని, ఫోన్‌లో వీడియో పెట్టిన మహానుభావుడొకడున్నాడు. వాడు ఎక్కడున్నా చల్లగా ఉండకూడదు.

అప్పుడే మా అక్కకు వర్ధన్నపేట సంబంధం ఖాయమైంది. (మాది తెలుగు మాట్లాడే ఇల్లే అయినా అక్కను ఆపా, నాన్నను అబ్బా అనే పిలుస్తాం.) మా పెళ్ళిళ్ళలో నిఖా అయ్యాక ఆర్సీ అని ఒక ముచ్చట ఉంటుంది. వధూవరుల తలల మీద ఒకటే దుపట్టా కప్పి, ఎదురుగా అద్దం పెడతారు. ఒకరినొకరు మొదటిసారి ఆ అద్దంలోనే చూసుకోవాలి. తర్వాత పెద్దవాళ్ళు పెళ్ళికొడుకును "ఏం కనవడ్డది?" అని అడుగుతారు, అతను చందమామ అనో పువ్వు అనో చెప్పాలి. ఒకరోజు ఆపా గోరింటాకు నూరుకుంటూ నన్ను పక్కకు పిలిచింది. "అద్దంల నేను ఆయన్ని చూస్తా. మరి గప్పుడు నా మొహం ఎట్లుంటదో నాకెట్ల తెలుస్తదిరా? గది నాకు గావాలె. దుపట్ట దగ్గరికి వేరేటోళ్ళను అబ్బా రానియ్యడు. నువ్వైతే తమ్మునివి. ఒక్క ఫోటో తియ్యి, గంతే" అంది. మా ఆపా నన్ను ఎన్నడూ ఏమీ అడిగిన మనిషి కాదు. నేను మెత్తబడ్డట్టు కనబడకూడదని కోపంగా "తీస్తగని, జర సప్పుడు జెయ్యకు" అన్నాను.

ఇంటి ముందు ఎండలో స్కూటర్ నంబరు ప్లేటు మీద పెడితే అడాప్టర్ టక్కున ఫోకస్ పట్టింది. మురిసిపోయాను. అదే ఇంట్లోకి రాగానే దానికి పిచ్చి పట్టేది. లెన్సు లోపల మోటారు ర్ర్‌ర్ అని ముందుకు, ర్ర్‌ర్ అని వెనక్కి, అమ్మను పెడితే వెనక గోడను, గోడను పెడితే గాలిని పట్టుకునేది. రబ్బరు తెచ్చి దాని అంచున కరెంటు అందించే ఇత్తడి చుక్కలన్నీ రుద్దాను. ల్యాప్‌టాప్ అడుక్కొచ్చి సాఫ్ట్‌వేర్ మార్చాను. మొహాలను వెతికే సెట్టింగు తీసేశాను, మళ్ళీ పెట్టాను. లెన్సు వదులుగా ఊగుతోందని అడాప్టర్ అంచుకు టేపు చుట్టాను. బ్యాటరీ తీసి ఊదాను (ఎందుకు ఊదానో అల్లాకే తెలుసు). సేఠ్ చూసి చూసి విసుక్కున్నాడు. "చేతులు పడిపోయినయార? ఆటో బంద్ చేసి లెన్సు రింగు తిప్పుకో." నాకు ఒళ్ళు మండింది. చేత్తో తిప్పుకోవడానికా ఇంత తిప్పలు పడి మిర్రర్‌లెస్ కొన్నది! పంతం పట్టి ఆటోఫోకస్‌తోనే పెళ్ళికి వెళ్ళాను.

ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ళ వైపు పరదాలు దించి ఉన్నాయి, వెలుతురు అంతంత మాత్రం. ఆపాను, పెళ్ళికొడుకును పక్కపక్కన కూర్చోబెట్టి ఎర్ర దుపట్టా కప్పారు. మా మేనత్త, మేం ఫుప్పు అంటాం, చుట్టూ మల్లెపూలు కట్టిన అద్దం పట్టుకుని ముందు కూర్చుంది. నేను దుపట్టా అంచు పక్కగా దూరి కెమెరా పెట్టాను. ర్ర్‌ర్. మల్లెపూలు స్పష్టంగా వచ్చాయి. మళ్ళీ నొక్కాను. ర్ర్‌ర్. దుపట్టా జరీ వచ్చింది. ఇంకోసారి నొక్కితే ఫుప్పు బొటనవేలు వచ్చింది.

"ఫుప్పు, అద్దం జర నా దిక్కు తిప్పు" అన్నాను.

"ఇంకెంత తిప్పాల్నిరా?"

"ఇంకా! ఇంకా ఇటు! పైకి లేపు!"

"పెండ్లి నీకార, వాళ్ళకార?" అని తిడుతూనే తిప్పింది పాపం.

వెనక నుంచి అబ్బా గొంతు ఉరిమింది. "గా డబ్బా అవతల పారెయ్. ఫోన్ల తీసుకో!" ఫోన్లో ఎలా తీస్తాను? ఆ చీకట్లో నా ఫోన్‌కు మా ఆపా మొహానికీ బూడిద గుమ్మడికాయకూ తేడా తెలియదు. ఆపా ఇంకా కళ్ళు దించుకునే ఉంది. ఎత్తగానే అయిపోతుంది. ఆమె అడిగిన ఒక్కటీ పోతుంది, మళ్ళీ రాదు. కోపం నెత్తికెక్కింది. లెన్సు పక్కనున్న ఆటోఫోకస్ మీటను గోరు విరిగేలా కిందికి లాగి, లెన్సు రింగును చేత్తో పట్టుకుని తిప్పాను. "రాయే... నీ మీద మన్నువడ... నిన్ను జేసినోని మీద మన్నువడ... రా!" పళ్ళ మధ్య నుంచి బయటికే తిడుతున్నానని నాకు తెలియదు. మల్లెపూలు మసకబారాయి, అద్దం అంచు కరిగిపోయింది, వాటికి అవతల ఎక్కడో లోపల నుంచి ఆపా మొహం నెమ్మదిగా తేలి వచ్చింది. సరిగ్గా అప్పుడే కళ్ళెత్తింది. ఎత్తి, పకపకా నవ్వేసింది. నేను నొక్కేశాను.

అద్దంలో నాకు ఆమె మొహం కనిపిస్తే, ఆమెకూ అద్దంలో నా మొహమే కనిపిస్తుందన్న ముక్క నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. పాపం పెళ్ళికొడుకు సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్ళ తరఫు పెద్దావిడ వంగి "దూలా మియా, అద్దంల ఏం కనవడ్డది?" అని ముద్దుగా అడిగింది. ఆయన చాలా నిజాయితీ గల మనిషి.

"ఫ్యాను" అన్నాడు.

పెద్దావిడ తల పైకెత్తి ఫ్యాను వంక చూసింది. ఆపాను అడిగారు. ఆమెకు నవ్వు ఆగడం లేదు, కాజల్ చెంపల మీదికి కారింది. "మా తమ్ముడు... పండ్లు కొరుకుతాండు..." అంది. అంతే, నవ్వులతో ఆడవాళ్ళ వైపు పరదాలు ఊగిపోయాయి. అబ్బా మాత్రం నవ్వలేదు. "వాన్ని బయటికి గుంజుకపోండి!" అని అరిచాడు. మా చాచా, అంటే బాబాయి, నన్ను రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. ఆ తర్వాత అద్దం సరిగ్గా పెట్టారట, వాళ్ళిద్దరూ తీరిగ్గా చూసుకున్నారట. నేను గేటు బయట నిలబడి అడాప్టర్‌ను నాకు తెలిసిన రెండు భాషల్లోనూ తిట్టాను.

వారం తర్వాత వర్ధన్నపేట వెళ్ళి ఫోటో ఆపా చేతిలో పెట్టాను. తల ఎత్తలేకపోయాను. "నువ్వడిగింది ఇది గాదు ఆపా. ఆయన్ని చూసినప్పటి మొహం తియ్యలేకపోయిన" అన్నాను. ఆమె చాలాసేపు చూసింది. "గా మొహం ఆయన చూసిండు తియ్యి, ఆయన దగ్గర ఉండనియ్యి. ఇది మనింట్ల నా మొహం రా. ఇదే ఆఖరిది" అని ఫోటోను కొంగుతో తుడిచింది. అందులో తుడవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు నా దగ్గర అసలు కంపెనీ లెన్సుంది. పరదా వెనక చీకట్లోనైనా కన్నెక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది, చప్పుడే చేయదు. నాకూ ఎవరి మీదా అంతగా కోపం రావడం లేదు. ఆపా ఏ పెళ్ళిలో కలిసినా నా కెమెరా ముందు నిలబడి, "జర కోపానికి రారా, లేకుంటే నాకు నవ్వొస్తలేదు" అంటుంది. నేను కనుబొమలు ముడుస్తాను, పళ్ళు కొరుకుతాను. ఆమె మర్యాదకు నవ్వుతుంది. ఫోకస్ మాత్రం బ్రహ్మాండంగా కుదురుతుంది.