గంజి పంచ మీద అయోడిన్ చుక్క

పోయిన శుక్రవారం నుంచి విడపనకల్లు బస్సులో నాకు ‘నిమ్మకాయ టీచర్’ అని పేరు పడిపోయింది. కండక్టరన్న కూడా టికెట్ చించి ఇచ్చేటప్పుడు "ఒకటి చాలునా, డజను కావాల్నా?" అంటున్నాడు. ఆ కథ వాళ్ళ నోట వింటే మసాలా ఎక్కువుంటుంది. నా నోటే వినండి.

నేను విడపనకల్లు పక్కన ఒక పల్లె బడిలో విద్యా వాలంటీరుని. మా బడిలో బ్లాక్‌బోర్డుంది, మధ్యాహ్నం భోజనముంది, అల్లరికి కొదవే లేదు. నీళ్ళు మాత్రం లేవు. బోరు ఊరికి ఆ చివర, బడి ఈ చివర. అన్నం తినేముందు చేతులు కడుక్కోవాలని నేను పాఠం చెప్తాను. పిల్లోళ్ళు బుద్ధిగా తలూపి, చేతులు నిక్కర్లకూ గౌన్లకూ తుడుచుకుని కంచాల ముందు కూచుంటారు.

బోరు నుంచి బడికి పైపు వేయించాల్సింది సర్పంచు ఓబుళరెడ్డి. మా హెడ్మాస్టరు సారు అడిగినప్పుడల్లా ఆయన "చూస్తాం లేప్పా" అంటాడు. అట్ల చూస్తా చూస్తానే ఆయన జుట్టు సగం తెల్లబడింది.

అందుకే పోయిన నెల నేనొక ప్లాను వేసినాను. సైన్సు ప్రోగ్రాం పెట్టి సర్పంచును పిలవాల. పిల్లోళ్ళ చేత ప్రయోగాలు చేయించి ఆయన మనసు మెత్తబరచాల. ఆఖర్లో చేతుల శుభ్రం గురించి నేనొక ఉపన్యాసం దంచితే, అంతమంది ముందు ఆయన కాదనలేడు. ఆ ఉపన్యాసం అద్దం ముందు ఎన్నిసార్లు చెప్పుకున్నానంటే, మా చెల్లెలికి కూడా నోటికొచ్చేసింది.

ప్రయోగం చాలా సులభం. టింక్చర్ అయోడిన్‌లో నీళ్ళు కలిపి, ఖాళీ అయిన కంటిచుక్కల మందు సీసాల్లో పోసినాను. పిల్లోళ్ళు ఇంటి నుంచి తెచ్చిన తిండి మీద చుక్క వేస్తారు. పిండిపదార్థం ఉంటే నల్లబడుతుంది, లేకుంటే లేదు. పిండిపదార్థమంటే ఏందని ముందురోజు ఎవరో అడిగితే, అర్థమయ్యేటట్టు చెప్పాలని "గంజి అనుకోండి. యాడ గంజి ఉంటే ఆడ నల్లబడతాది" అనేసినాను.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. నాకు నోటిదూల కదా. "నా మాట నమ్మొద్దు. హెడ్మాస్టరు సారు మాట అస్సలు నమ్మొద్దు. ఏదైనా సరే, చుక్కేసి చూసి నమ్మండి" అన్నాను. అందరూ పకపకా నవ్వినారు, సారు కూడా నవ్వినాడు. అయిదో తరగతి మారెక్క మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల దేన్నీ తమాషాగా తీసుకోదు.

మర్నాడు సర్పంచు రానే వచ్చినాడు. తెల్ల పంచ, తెల్ల చొక్కా. గంజి ఎంత దట్టంగా పెట్టించినారో, ఆయన కుర్చీలో కూచుంటే అప్పడం విరిగినట్టు చప్పుడైంది. ఇట్నుంచి ఇట్నే రాయదుర్గంలో పెండ్లికి పోవాలంట, తొందరగా ముగించమన్నాడు.

మొదలుపెట్టినాం. అన్నం నల్లబడింది. జొన్నరొట్టె నల్లబడింది. ఉర్లగడ్డ నల్లబడింది. ఉల్లిగడ్డ మాత్రం ససేమిరా అంది. సర్పంచు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఎవరో సంగటిముద్ద మీద చుక్క వేయబోతే, "అది ముందే నల్లగుండాది గదప్పా, ఇంకేం నల్లబడతాది" అని ఆయనే జోకేసి ఆయనే నవ్వినాడు. నా లోపల పైపులో నీళ్ళు గలగలా పారుతున్నాయి.

అప్పుడు ముందు వరసలో కూచున్న మారెక్క చప్పుడు కాకుండా జరిగి, సర్పంచు పంచ అంచు మీద ఒక చుక్క వేసింది. కాకి రెక్కలాగా నల్లగా తేలింది.

"టీచర్, తాత పంచలో గంజి ఉండాది" అని చెప్పింది, అటెండెన్సు పలికినంత మామూలుగా.

నేను నోరు తెరిచేలోగా పక్క కుర్చీలోని సారు చొక్కా మీద కూడా ఒకటి వేసింది. మా సారు రోజూ ఇంట్లో తన చొక్కాలకు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తారని గొప్పలు పోతుంటాడు. ఆ చుక్క టీ మరక రంగులో ఉండిపోయింది, నల్లబడనే లేదు.

"సారు చొక్కాలో లేదు టీచర్."

సారు తన చొక్కాను చూసుకున్నాడు. సర్పంచు తన పంచను చూసుకున్నాడు. నేను ఎవరినీ చూడలేక బల్ల మీదున్న తడిగుడ్డ అందుకుని పంచ అంచు గట్టిగా రుద్దేసినాను. పొద్దున్నుంచి బల్ల మీద ఒలికిన అయోడిన్‌నంతా ఆ గుడ్డతోనే తుడిచినానని రుద్దినాక గుర్తొచ్చింది. చుక్క కాస్తా తాలూకా మ్యాపయ్యింది.

సర్పంచు అరవలేదు. అరిచినా బాగుండు. "పాపా, నేను పెండ్లికి పోవాల్సినోణ్ణి" అని మెల్లగా నాకు గుర్తుచేసినాడు.

అదృష్టం కొద్దీ నా ప్రోగ్రాంలో రెండో ఐటెం నిమ్మకాయ. నిమ్మరసం పిండితే ఆ నలుపు పోతుంది. గ్లాసులో చేసి చూపించి, నిమ్మకాయలో ఉండే విటమిను గురించి చెప్పాలని పెట్టుకున్నాను. ఇక గ్లాసు ఎందుకు? తెచ్చిన నిమ్మకాయలన్నీ సర్పంచు పంచ మీదే పిండినాను. మరక చూస్తుండగానే పలచబడి, మాయమైపోయింది. పిల్లోళ్ళు చప్పట్లు కొట్టినారు. "ఓర్నీ, పోయిందే" అని సర్పంచు అంచు పైకెత్తి అందరికీ చూపించినాడు. నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను.

"సరే పాపా, చెంబెడు నీళ్ళు తే. జిగటగా ఉండాది, కడుక్కుంటా" అన్నాడాయన.

నేను సారును చూసినాను. సారు కుండను చూసినాడు. కుండలో నీళ్ళన్నీ వంటకు పోయినాయి. నీళ్ళు లేవని చెప్పడానికి సారు మూడు రకాలుగా దగ్గినాడు. ఆఖరికి ఇద్దరు పిల్లలు బిందె తీసుకుని బోరు దగ్గరికి బయల్దేరినారు.

సర్పంచు తడిసిన పంచను కాళ్ళకు తగలకుండా ఎత్తిపట్టుకుని కూచున్నాడు. ఒళ్ళో నిమ్మగింజలు. ఈగలకు కబురెవరు పంపినారో, ఊళ్ళో ఉన్నవన్నీ వచ్చేసినాయి. మారెక్క పలకతో ఆయనకు విసురుతా, ఓదార్పుగా చెప్పింది.

"మాకు రోజూ ఇంతే తాతా. మేమైతే చేతులు బట్టలకు తుడుచుకుంటాం. నీకు బట్టలే కడగాల్సొచ్చె."

ఆయన బిందె వచ్చేదాకా బోరు దిక్కే చూస్తా కూచున్నాడు. నీళ్ళు వచ్చినాక కడుక్కుని, తడి పంచతోనే జీపెక్కి పెండ్లికి పోయినాడు. నా ఉపన్యాసంలో ఒక్క ముక్క బయటికి రాలేదు. పైపు సంగతి ఇక మరిచిపోవాల్సిందేనని ఇంటికెళ్ళి చెల్లెలికి చెప్పి, ఆ పూట అన్నం కూడా తినలేదు.

వారం తిరక్కుండా బోరు నుంచి బడి దాకా కాలువ తవ్వడం మొదలైంది.

పోయిన శుక్రవారం కొళాయి ప్రారంభం. అమ్మానాన్నలంతా వచ్చినారు. సారు చొక్కా ఈసారి నిజంగానే కరకరలాడుతోంది. పిల్లోళ్ళ ఆరోగ్యమంటే తనకు ప్రాణమనీ, ఈ పైపు ఆలోచన ఎప్పట్నుంచో మనసులో ఉండాదనీ సర్పంచు మాట్లాడినాడు. పంచ ఊసే ఎత్తలేదు. తర్వాత నా దిక్కు తిరిగి, "టీచరమ్మ రెండు మాటలు మాట్లాడినాక కొళాయి తిప్పుదాం" అన్నాడు.

నా కోసం, నా ఉపన్యాసం కోసం ఊరంతా కాచుకుని ఉంది. నేనూ సాదాసీదాగా రాలేదు. తెల్ల నూలు చీర, సగ్గుబియ్యం గంజి పెట్టించి ఇస్త్రీ చేయించినది. లేచి మొదలుపెట్టినాను. నాలుగు మాటలకే ముందు వరస నవ్వింది. ఇంకో నాలుగు మాటలకు వెనక వరస కూడా నవ్వింది. సర్పంచు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏం మాట్లాడుతున్నానబ్బా అని నా మీద నాకే ముచ్చటేసి, గొంతు ఇంకా పెంచినాను.

సారు కళ్ళతో వెనక్కి సైగ చేస్తే అప్పుడు తిరిగి చూసినాను. నా వెనక మారెక్క. చేతిలో చుక్కల సీసా. నా కొంగు పొడుగునా నల్లని చుక్కలు, ముగ్గు పెట్టినట్టు వరసగా.

"చుక్కేసి చూసే నమ్మమన్నారు కదా టీచర్" అంది. "మీ చీరలో బాగా ఉండాది."

సర్పంచు నవ్వు ఆపుకుంటా చొక్కా జేబులో చెయ్యి పెట్టి నిమ్మకాయ బయటికి తీసినాడు.

"నా కోసం తెచ్చుకుంటి పాపా. మీ బడికి ఇది లేకుండా రాకూడదని. ఇంద, నువ్వే పిండుకో."

పిండుకున్నాను. అట్ల మా బడి కొత్త కొళాయి కింద మొట్టమొదట శుభ్రపడింది పిల్లోళ్ళ చేతులు కావు, చేతుల శుభ్రం మీద ఉపన్యాసం చెప్పబోయిన టీచరమ్మ కొంగు.