రాజును గుర్రంలా దూకించిన లెక్కల సారు

ఒక్క పూటలో చదరంగం మొత్తాన్ని తలకిందులు చేసిన మహానుభావుణ్ణి ఎప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. కరువుతీరా చూసుకోండి.

అప్పుడు నేను భద్రాచలం అవతల ఒక అడవి బడిలో కొత్తగా చేరిన లెక్కల సారును. కొత్తగూడెం చదరంగం పోటీలకు బడి నుంచి ఒక్కరి పేరు పంపాలి, అదీ సాయంత్రంలోగా.

"సార్, చదరంగం వస్తదా?" అని హెడ్మాస్టర్ మేడం అడిగింది.

"వస్తదా ఏంది మేడం! మా ఊరు తల్లాడల మా తాతతోని ఆడి పెరిగిన."

ఫోన్లో ఒకసారి నియమాలు చూసుకోవాలన్న బుద్ధి నాలాంటి పండితుడికి ఎందుకు పుడుతుంది? పది ప్రశ్నలతో పరీక్ష పెట్టేశాను. పిల్లలందర్నీ ఓడించే తొమ్మిదో తరగతి జ్యోతికి మూడు మార్కులు. వాళ్ల నాన్నేమో మిర్చి కూలి మానుకుని, పోటీ కాగితం మీద సంతకం పెట్టడానికొచ్చి వరండాలో కూర్చున్నాడు. పిల్ల కళ్లనిండా నీళ్లు. నాకు జాలేసింది. ఆ జాలితోనే ఇంకాస్త గట్టిగా కసిరాను.

"రాజు ఆటల ఒక్కసారి గుర్రం లెక్క దూకుతడు. గది గూడ తెల్వదా?"

"దూకడు సార్."

"బంటు మొదట్ల రెండు గళ్లు పోతదని రాసినవ్. పరుగు పందెమా?"

"పోతది సార్."

"రాజు, ఏనుగు రెండూ ఒక్క ఎత్తులనే కదుల్తయా? గిట్లాడితే మా తాత బోర్డు ఎత్తి అవతల పడేస్తుండె!"

సరదాకి తనూ ఒక పేపరు రాసిన వాచ్‌మన్ ముత్తయ్య గుమ్మంలోంచి తలూపాడు. "అవ్, సార్ చెప్పిందే కరెక్టు. మాదీ తల్లాడనే. మా ఊళ్లె గట్లనే ఆడుతం."

నాకు కొండంత బలం వచ్చింది.

జ్యోతి వెళ్లి చదరంగం డబ్బా తెచ్చి, మూతలో మడిచి ఉన్న కాగితం నా ముందు పరిచింది. పోటీల నియమాలు. చదివాను. చెమట తుడుచుకుని మళ్లీ చదివాను. తాత నేర్పింది ఊరి ఆట. తల్లాడ అరుగు దిగితే అది చెల్లదు. జ్యోతి రాసిన పదీ ఒప్పే.

"సార్, మా పిల్ల పాసయిందా?" వరండాలోంచి వాళ్ల నాన్న.

"పాసయింది. నేనే ఫెయిలైన" అన్నాను. సిగ్గుతో చచ్చాను. ఆ పిల్లకి క్షమాపణ చెప్పి, కొత్తగూడెం కాగితం మీద తన పేరే రాశాను.

అంతలో మేడం వచ్చింది. "దిద్దిన్రా సార్? మీ లెక్కన ఎవరికన్నా పదికి పది వచ్చినయా?"

"వచ్చినయ్ మేడం."

"ఎవరికి?"

"ముత్తయ్యకు."

అందుకే తాత సాక్షిగా, ముత్తయ్య సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: డబ్బా మూతలో కాగితం చదవనిదే ఈ జన్మలో బంటును కూడా ముట్టను. ఆ డబ్బా కొత్తగూడెం దాకా మోసింది మాత్రం నేనే. మేడం వేసిన శిక్ష.