వేలాడే మంచం మీదికి పన్నెండు మూటలు

మా దీవిలో, జంగ్లీఘాట్‌లో మా ఇల్లు మొదటి అంతస్తులో. దాని వెనక గోడకు ఒక సాయంత్రం నేనూ దీదీ మంచం కట్టుకుని వేలాడాం. వీధిలో సగం మంది చూడ్డానికి వచ్చారు. “ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి” అని అమ్మ అందరికీ వినపడేలా వంటింట్లోంచి అంది. ఆ ఉలిపికట్టె నేనే.

దీదీ నా తోడబుట్టింది కాదు. రోజూ ప్రోతరాపూర్ నుంచి బస్సులో వచ్చి, మిడిల్ పాయింట్‌లో నేను చూసుకునే మా హార్డ్‌వేర్ కొట్టు పక్క ఆఫీసులో పనిచేసేది. నాకన్నా ఆరేళ్లు పెద్ద. మా కొట్లో తాళ్లు కొనడానికి వచ్చి, కొండలెక్కే పిచ్చి నాకూ అంటించింది. ఆమెకు చిన్నప్పటి నుంచీ షుగరు. ఇంజెక్షన్ల సంగతి నాకు తెలుసు. షుగరు పడిపోతే ఎలా అని అడిగితే మాత్రం “అరే కుఛ్ నహీ ఛోటీ, ఏం కాదు, కొంచెం గ్లూకోజ్ ఏసుకుంటే అయిపోద్ది” అని కొట్టిపారేసేది. నేనూ అంతకుమించి అడగలేదు. ఆ బద్ధకం నాది.

సముద్రం అవతల మెయిన్‌ల్యాండ్‌లో ఒక కొండకున్న పెద్ద నిలువు రాతిగోడ ఎక్కాలని మా పంతం. అది ఒక్కరోజులో అయ్యే పని కాదు, మధ్యలో ఒక రాత్రి గోడ మీదే గడపాలి. గొట్టాలకు గుడ్డ బిగించిన వేలాడే మంచం ఒకటి కావాలి. నీళ్లు, తిండి, దుప్పట్లు ఒక పెద్ద సంచిలో వేసి, మనం కొంత ఎక్కాక దాన్ని తాడుతో పైకి లాక్కోవాలి. నిద్రలో కూడా నడుము బెల్టు విప్పకూడదు.

నాన్న జెట్టీలో ఓడ సామాను దించే పని చేసి రిటైరయ్యాడు. మా ప్లానంతా విని వద్దనలేదు. “ఇంట గెలిసి రచ్చ గెలవాలంటారు కదేటి. ముందు మనింటి గోడకి ఏలాడండి, సూద్దాం” అన్నాడు. మేడ మీద స్తంభాలకు తాళ్లు తనే కట్టాడు, కప్పీ తనే బిగించాడు.

సామాను మాత్రం మేమిద్దరమే సర్దాం. మా దీవుల్లో పడవెక్కేవాళ్లు ఏ వస్తువునైనా నల్ల ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రెండు ముళ్లు వేసి, పైన టేపు కొడతారు. ఉప్పునీళ్లు తగిలితే ఏదీ మిగలదు మరి. మేమూ పుట్టిన దగ్గర్నుంచి అదే చూశాం, అదే చేశాం. పన్నెండు మూటలు, అన్నీ నల్లవే. రాతిగోడ మీద సముద్రమెక్కడుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

సంచి చక్కగా పైకి వచ్చింది. మంచం నిలిచింది. కింద చప్పట్లు. నేను కాస్త బడాయిగానే కూర్చున్నాను. పొద్దు గుంకే వేళకు జనం పలచబడ్డారు, దీదీ మాటలు తగ్గాయి. అలసటనుకున్నాను. నీళ్లిస్తే సీసా పట్టుకోలేకపోయింది. మొహమంతా చెమట.

“దీదీ, గ్లూకోజ్ ఎందులో ఉంది?”

“కవర్లో” అంది.

మొదటి మూట పళ్లతో చింపాను. సాక్సులు. రెండోది టార్చిలైట్లు. మూడోదాని ముడి రాలేదు. ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. “అమ్మా!” అని అరిచాను. మంచం పక్కనే వంటింటి కిటికీ. అమ్మ ఊచల్లోంచి చేయి చాపి పంచదార డబ్బా ఇచ్చింది. నేను నాలుగు చెంచాలు దీదీ నోట్లో పోశాను.

పావుగంటకు ఆమె తేరుకుంది. నాన్న మా ఇద్దరినీ మేడ మీదికి తీసుకున్నాడు. నేను కోపం ఆపుకోలేకపోయాను. “ముందే తెలిసుంటుంది కదా, ఎందుకు చెప్పలేదు?” అని అరిచాను. దీదీ తల దించుకుంది.

“వణుకు మొదలైనప్పుడే తెలిసింది ఛోటీ. చెప్తే నువ్వూ వద్దంటావని డర్ లగా, భయమేసింది. ఇంతకుముందు ఇద్దరు షుగరని తెలిసి నాతో ఎక్కడం మానేశారు.”

నా కోపం అక్కడే చల్లారింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అప్పుడు నాన్న అన్నాడు. “నిన్ను ఒదిలేస్తే దీనికి తోడెవుల్దొరుకుతారమ్మా? ఇకనించి ముందు కావాల్సిన సామాను ఆఖర్న ఎట్టండి, అప్పుడే పైనుంటాది. తీపి సంచిలో కాదు, ఒంటిమీదుండాల.” అమ్మ ఆ రాత్రే మా ఇద్దరి బెల్టులకూ చిన్న జిప్పు సంచులు కుట్టి, గ్లూకోజ్ నింపింది. అసలు వద్దే వద్దన్న మనిషి ఆవిడే. ఆ కుట్టు తలచుకుంటే ఇప్పటికీ నా గుండె నిండుతుంది.

నేను దీదీకి ఒకటే చెప్పాను: “వణుకొచ్చిందని నువ్వు చెప్తే, సగంలో దిగిపోదామన్నా దిగుతాను. చెప్పకపోతే మాత్రం నీతో ఎక్కను.”

కొన్ని నెలల తర్వాత అసలు గోడ సగం ఎక్కి, చీకటి పడే ముందు మంచం విప్పాం. కింద చింతచెట్లు గడ్డిదుబ్బుల్లా కనిపించాయి. చుట్టూ గాలి, రాయి, మేమిద్దరమే. నేను దుప్పట్లు పైకి తీస్తుంటే దీదీ నా మణికట్టు పట్టుకుంది. నేనింకా ఏమీ అడగలేదు.

“ఛోటీ, నాకు వణుకు మొదలైంది. ఇప్పుడే.”