నల్లమద్ది తలుపు

మా ఆయన గల్ఫులో వడ్రంగి పని చేసేవాడు. 2011లో సెలవు మీద వచ్చినప్పుడు నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి తెచ్చాడు. అందులో వైరు లేకుండా బ్యాటరీతో నడిచే మిషన్లు రెండు ఉన్నాయి. ఒకటి చెక్కకు బెజ్జం వేసే డ్రిల్లు. రెండోది పొట్టిది, స్క్రూలు బిగించేది. దాన్ని ఇంపాక్ట్ డ్రైవర్ అంటారని చెప్పాడు.

ఎల్లారెడ్డి ఊరి చివర మేము కట్టుకున్న రెండు గదుల ఇంటికి అప్పటికి దర్వాజ చట్రం నిలబెట్టాం గానీ తలుపు లేదు. తానే చేస్తానని నల్లమద్ది చెక్కలు తెచ్చి, కోసి, చిత్రిక పట్టి గోడవారగా పేర్చాడు. ఇంతలో కంపెనీ నుంచి ఫోను వచ్చింది, వెంటనే బయలుదేరమని. దర్వాజకు ఒక రేకు అడ్డం పెట్టి, తీగతో కట్టాడు.

"వచ్చే సెలవుకు చేస్త. చెక్క ఎండితే ఇంకా మంచిగుంటది," అని బస్సెక్కాడు.

మాకు పిల్లలు లేరు. పొద్దంతా బీడీలు చుట్టేదాన్ని. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఆ రోజు ఫోను చేసేవాడు. "తిన్నవా?" "తిన్న. నువ్వు?" అంతటితో మాటలు అయిపోయేవి. అటువైపు అతని గదిలో నలుగురు మాట్లాడుకోవడం, ఎవరో నవ్వడం వినిపించేది. ఇటువైపు నుంచి అతనికి ఏం వినిపించేదో నాకు తెలియదు. మా ఇంట్లో చప్పుడు చేసేది నేనొక్కదాన్నే.

మరుసటి వానాకాలం ఒక గాలివానకు రేకు ఊడి పడింది. బీడీలకు కోసి పెట్టుకున్న తునికాకు అంతా తడిసిపోయింది. నేను ఊళ్ళోని వడ్రంగుల దగ్గరికి పోయాను. ఒకాయనకు పెళ్ళిమంచాల పని ఉంది. ఇంకొకాయన, "మీ ఆయన రానియ్యమ్మా. ఒక్కదానివే ఉన్న ఇంటికొస్తే ఊరోళ్ళు ఏమంటరు?" అన్నాడు. ఇంటికొచ్చి తడి ఆకు ఎండబెడుతూ, ఆ నల్ల పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాను. చెక్కలు కోసి ఉన్నాయి. మిగిలింది బిగించడమే కదా అనుకున్నాను.

అది బిగించడమే గానీ, నల్లమద్ది ఇనుములాంటి చెక్క. బెజ్జం వేయకుండానే పొడుగు స్క్రూ పెట్టి ఇంపాక్ట్ నొక్కాను. అది టకటకమని కొట్టుకుంటూ సగం దాకా దింపి, స్క్రూ తలను తెంపేసింది. ఈసారి డ్రిల్లు తీశాను. దాని మొనకున్న బిట్టు చెక్కలో ఇరుక్కుపోయి, మిషనే గిర్రున తిరిగి నా మణికట్టును మెలిపెట్టింది. వాపు తగ్గేదాకా బీడీలు చుట్టలేకపోయాను.

శుక్రవారం ఫోనులో చెప్పాను.

"మిషన్ నువ్వెందుకు బట్టినవే? చెయ్యి ఇరిగితే ఎవరు చూస్తరు?"

"ఎట్ల పట్టాలెనో చెప్పరాదు?"

"ఏం వద్దు. నేనొచ్చినంక చేస్త. గప్పటిదాక రేకే ఉండనియ్యి."

ఆ గొంతులో కోపం విన్నాను. ఈ ఇంట్లో తలుపు లేకుండా ఉండేది నేను కదా, అతనికేం తెలుసు అని నాకూ కోపం వచ్చింది.

చెయ్యి కుదిరాక బస్సెక్కి కామారెడ్డి పోయి, ఒక హార్డ్‌వేర్ దుకాణంలో విరిగిన స్క్రూ చూపించాను. అక్కడి పెద్దాయన దాన్ని తిప్పి చూశాడు.

"మేస్త్రి ఎవరమ్మా?"

"నేనే."

ఆయన నవ్వలేదు. "స్క్రూ కన్న సన్నటి బిట్టుతోటి ముందుగాల బొక్క ఎయ్యి. మిషన్‌ను రెండు చేతుల పట్టుకో. నడుమ నడుమ బిట్టు బయటికి తీసి పొట్టు రాలనియ్యి. స్క్రూకు సబ్బు రాసినంక ఇంపాక్ట్ పెట్టు," అన్నాడు.

చెక్కలను వాకిట్లో ఇటుకల మీద బోర్లా పరిచి, వాటి మీద అడ్డపట్టీలు పెట్టాను. ఒక్కో బెజ్జానికి బిట్టు పొగలు కక్కేది, మద్ది పొట్టు వాసన కొంగుకు పట్టేది. బ్యాటరీ అయిపోతే కరెంటు కోసం చూస్తూ బీడీలు చుట్టేదాన్ని. సబ్బు రాసిన మొదటి స్క్రూ తల చెక్కలోకి సమంగా దిగినప్పుడు, ఎవరికైనా చూపిద్దామని తల ఎత్తాను. వాకిట్లో ఎవరూ లేరు.

తలుపును నిలబెట్టడం ఇంకా కష్టమైంది. గోనెసంచి మీద దాన్ని దర్వాజ దాకా లాగాను. గడ్డపారతో కొంచెం కొంచెం లేపుతూ కింద చెక్కముక్కలు దోపాను. కామారెడ్డి నుంచి తెచ్చిన మడత బందుల స్క్రూలను చివరి చుట్లు చేత్తోనే తిప్పాను. ఆ మిషన్ బలానికి అవి తెగుతాయని అప్పటికి నాకు తెలుసు. తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, లోపల కూర్చున్నాను. గాలి చప్పుడు ఆగిపోయింది. ఇల్లు ఇంకా నిశ్శబ్దమైంది.

"తలుపు అయింది," అని శుక్రవారం చెప్పాను.

"మంచిది," అని పెట్టేశాడు. ఫోనులో మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తెలంగాణ వచ్చిన సంవత్సరం అతను సెలవు మీద వచ్చాడు. సంచులు వాకిట్లోనే దించి తలుపు తెరిచాడు, మూశాడు, అడ్డపట్టీల మీద చెయ్యి పెట్టి చూశాడు.

"వంకర ఉన్నదా?" అన్నాను.

"లేదు. మంచిగనే చేసినవ్."

అన్నం తినేటప్పుడు, తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆడ నిద్ర పట్టకపోతే నేను గీ తలుపే కట్టుకుంటుండె, మనసుల. ఇయ్యాల ఒక పట్టీ, రేపొక పట్టీ. అయిపోతదేమోనని మళ్ళ మొదటికెల్లి షురూ చేస్తుండె. నువ్వు అయిందని చెప్పినంక, ఇగ ఏం కట్టాల్నో సమజ్ కాలె."

ఫోనులో నేను కోపం అనుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఇంకొంచెం పప్పు వడ్డించాను.

ఆ సెలవులో వంటగదికి అటక చేశాం. అతను డ్రిల్లుతో బెజ్జాలు వేస్తూ ముందు పోయాడు, నేను ఇంపాక్ట్‌తో స్క్రూలు దింపుతూ వెనక పోయాను. మాట్లాడుకున్నది తక్కువే. రెండు మిషన్ల చప్పుడుతో రెండు రోజులు ఇల్లు నిండింది. తర్వాత అతను వెళ్ళిపోయాడు.

ఆ చలికాలంలోనే, పెరట్లో నా రెండు మేకలు ఉండే కొట్టం గుంజ పుచ్చి ఒరిగింది. కొత్త గుంజ పాతి దూలానికి బిగించడం నాకు ఒక పూట పని. అయినా తాడుతో లాగి కట్టి ఊరుకున్నాను. శుక్రవారం ఫోను వచ్చినప్పుడు చెప్పాను.

"కొట్టం గుంజ ఒరిగింది. ఏం చెక్క అయితే మంచిగుంటది?"

"తుమ్మ," అన్నాడు వెంటనే. "ఎంత మందం ఉన్నది దూలం? చెప్పు."

చెప్పాను. ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు.