అంజవ్వ, కొబ్బరినూనె, నా హెడ్‌సెట్

నా హెడ్‌సెట్ సంచి లోపలి జేబు జిప్పు తీస్తే ఇప్పటికీ కొబ్బరినూనె వాసన వస్తుంది. ఆ జేబులో చిన్న ప్లాస్టిక్ కవరు, కవరులో రెండు పాత చెవి కుషన్లు ఉంటాయి. పైన ఉన్న నల్లటి తోలు అట్టలా బిగుసుకుపోయింది, అంచుల వెంట పగిలి లోపలి స్పాంజి బయటపడింది. అవి దేనికీ పనికిరావు. నిన్న సూరత్ నుంచి బయలుదేరే ముందు కొత్త బ్యాటరీల కోసం సంచిలో చెయ్యి పెడితే ఆ కవరే చేతికొచ్చింది. పక్క సీట్లో ఉన్న కెప్టెన్ గాలి పీల్చి, ఈ రోజుల్లో కూడా తలకు కొబ్బరినూనె రాసుకునేది ఎవరని హిందీలో అడిగాడు. నేను కాదని చెప్పి జిప్పు లాగేశాను. ఆ వాసన వెనక ఉన్న మనిషి గురించి చెప్పాలంటే ముందు నేను చేయబోయిన సిగ్గుమాలిన పని ఒకటి ఒప్పుకోవాలి. కాక్‌పిట్‌లో అది కుదరదు, ఇక్కడ కుదురుతుంది.

మా నాన్న రైల్వేలో, అమ్మ బ్యాంకులో పనిచేసేవారు. సూరత్‌లోని నవాగామ్‌లో మేముండే ఇంటి కింది వాటాలో అంజవ్వ ఉండేది. మగ్గాల పని కోసం సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. భర్త పోయాక ఒక్కతే మిగిలింది. సందు చివరి కార్ఖానాలో కండెలు చుట్టేది, అంటే మగ్గం నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు నూలు ఎక్కించే పని. బడి అయ్యాక అమ్మ వచ్చేదాకా నన్ను ఆమే చూసుకునేది. ఆమె పనిలో ఉంటే నేనూ కార్ఖానాలోనే, నూలు సంచుల మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. అక్కడ మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పెదవుల కదలిక, చేతి సైగ చూసి అర్థం చేసుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఆ విద్య నాకూ పట్టుబడింది. వరండా చివర టీచర్లు ఏం మాట్లాడుకుంటున్నారో చదివి చెప్పి క్లాసులో గొప్పలు పోయేదాన్ని.

అంజవ్వకు చెవులు దాదాపు పోయాయని నాకు చిన్నప్పుడే తెలుసు. ఇంకెవరికీ తెలియదు. ఎవరేమన్నా ఆమె వాళ్ల ముఖం వంక నిదానంగా చూసి "హా" అని తల ఊపేది. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది సరిపోయేది. పదోసారి ఉప్పు అడిగితే పప్పు ఇచ్చేది, అందరూ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేసేది. ఆమెకు పరాకెక్కువని అమ్మ అనేది. ఆదివారం పొద్దున మాత్రం ఏ పరాకూ ఉండేది కాదు. డాబా మీద నన్ను ముందర కూర్చోబెట్టుకుని, గిన్నెడు కొబ్బరినూనె పక్కన పెట్టుకుని, చెవుల వెనక దాకా బొటనవేళ్లతో ఇంకించి జడ వేసేది. నేను పైలట్ శిక్షణలో చేరాక కూడా ఆ ఆదివారం తప్పలేదు. పైలట్‌ అయితే మాత్రం నెత్తి ఎండబెట్టుకోవాలా అని ఆమె వాదన.

ఊళ్లో విమానాశ్రయం దగ్గరున్న ఒక చిన్న శిక్షణ సంస్థలో నా శిక్షణ. హెడ్‌సెట్ నాకో సీనియర్ దగ్గర నుంచి వచ్చింది. మోతను తగ్గించే రకం. ఎలా వాడాలో ఆవిడే నేర్పింది. రెండు ప్లగ్గులూ చివరిదాకా దూరాలి, తల మీది పట్టీ రెండు వైపులా ఒకే మెట్టులో ఉండాలి, మైక్ పెదవి కొసకు దాదాపు ఆనుకోవాలి, ఎండలో కాక్‌పిట్‌లో వదిలేయకూడదు, తీగను బిగించి చుట్టకూడదు. మొదటిసారి స్విచ్ నొక్కినప్పుడు ఇంజిన్ హోరు ఒక్కసారిగా ఎక్కడికో దూరంగా వెళ్లిపోయింది. చిన్నప్పుడు కార్ఖానాలో కరెంటు పోగానే ఒక్కసారిగా ఆవరించే నిశ్శబ్దం గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఆ సుఖం కొన్ని నెలలే. తర్వాత మెల్లగా హోరు తిరిగొచ్చింది. చెవి దగ్గర ధబ్ ధబ్ మని ఏదో కొట్టుకునేది. టవర్ మాటల్లో సగం అందులో మునిగిపోయేవి. బ్యాటరీలు మార్చాను, ప్లగ్గులు తుడిచాను, మైక్ మీది స్పాంజి టోపీ ఉతికాను, వాల్యూమ్ చివరిదాకా పెంచాను. వేరే హెడ్‌సెట్ పెట్టుకుని చూడొచ్చు కదా అని మీరనవచ్చు. చూడలేదు. దానిలోనూ వినపడకపోతే ఇక తప్పు నా చెవులదే అని తేలిపోతుంది. చేరేటప్పుడు వైద్య పరీక్ష పాసైన మాట నిజమే, కానీ మోతలో పెరిగిన చెవులు ఎప్పుడు మొరాయిస్తాయో ఎవరికి తెలుసు. అంజవ్వ చెవులు కూడా ఒక్కరోజులో పోలేదు.

మొదటిసారి ఒక్కదాన్నే విమానం నడిపే రోజు ఆ వారంలోనే ఉంది. దానికి రెండు రోజుల ముందు, రన్‌వే వైపు కదులుతుండగా టవర్ ఏదో చెప్పింది. మా విమానం పేరు వినపడింది, రన్‌వే అన్న మాట వినపడింది, మధ్యలో ఉన్నది వినపడలేదు. నాకు తెలియకుండానే నా తల ఊగింది. రన్‌వే మీదికి రమ్మన్నారని ఊహించుకుని అదే తిరిగి చెప్పి విమానాన్ని ముందుకు పోనిచ్చాను. టవర్ "కాదు, ఆగు" అంటుండగానే పక్క సీట్లోని మా శిక్షకుడు బ్రేకులు గట్టిగా తొక్కాడు. విమానం ముక్కు కిందికి ఊగి ఆగింది. మా ఎదురుగా ఒక పెద్ద విమానం రన్‌వేను తాకి దూసుకుపోయింది. దాని గాలికి మా రెక్కలు వణికాయి. ఆయన అరవలేదు. ఇంజిన్ ఆపాక, వినపడనప్పుడు ఎందుకు అడగలేదని ఒక్క ప్రశ్న వేశాడు. వినపడిందనే అనుకున్నానని అబద్ధం చెప్పాను. సోమవారం చెవుల పరీక్ష చేయించుకుని కాగితం తెస్తేనే మళ్లీ విమానం ఎక్కమన్నాడు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో నాకు తెలుసు. అద్దాల గదిలో కూర్చోబెడతారు, సన్నని చప్పుళ్లు వినిపిస్తారు, విన్నప్పుడల్లా బటన్ నొక్కాలి. చప్పుడు వదిలే మనిషి అద్దం అవతలే కూర్చుంటాడు. ఆయన వేలు కదలడం, భుజం కదలడం చూస్తూ నొక్కితే చాలు. మోతలో మనుషుల్ని చదవడం నేర్చుకున్నదాన్ని, నాకదెంత పని. అలా గట్టెక్కాలనే నిర్ణయించుకున్నాను. చెప్పానుగా, సిగ్గుమాలిన పని అని. ఆ ఆదివారం డాబా మీద అంజవ్వ నూనె గిన్నెతో కూర్చుంటే, ఆమె నా పెదవులు చూడగలిగేలా తిరిగి కూర్చుని నేరుగా అడిగాను.

"అవ్వా, నీకు వినపడదని కార్ఖానా సేఠ్‌కు ఇన్నేండ్లు తెల్వకుంట ఎట్ల నడిపినవ్?"

ఆమె చేతులు ఆగిపోయాయి. "నాకు వినపడదని ఎవరు చెప్పిన్రు నీకు?"

ఎవరూ చెప్పలేదని, నాకే తెలుసునని అన్నాను. తర్వాత రన్‌వే సంగతి, అద్దాల గది సంగతి, నా ఉపాయం, మొత్తం చెప్పేశాను. నేను ఒక్కదాన్నే ఎగరడం ఆగిపోతుందన్న భయం కూడా చెప్పాను. ఆమె కళ్లు నా పెదవుల మీది నుంచి కదల్లేదు. మెచ్చుకుంటుందనే అనుకున్నాను, ఎంతైనా ఆమె శిష్యురాలిని కదా.

"శాంత చెయ్యి యాదికున్నదా?" అంది.

ఎందుకు గుర్తుండదు. శాంత ఆమె పక్క మిషన్ మీద పనిచేసేది. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. చిన్నప్పుడు ఆ చేత్తోనే నాకు పిప్పరమెంట్లు ఇచ్చేది. మిషన్ పాడై అలా జరిగిందని అందరూ చెప్పుకునేవారు.

"మిషన్ మంచిగనే ఉండె," అంది అంజవ్వ. "బెల్టుకు నూలు చుట్టుకుంటే కింద కూసొని తీస్తున్నది. చెయ్యి లోపలున్నది, మిషన్ పెట్టకు అన్నదట. నాకు పెట్టు అన్నట్టే అనిపించింది. హా అని తలూపిన. బటన్ ఒత్తిన."

 ఎదురింటి డాబా మీద ఎవరో బట్టలు దులుపుతున్నారు. ఆమె అటువైపు చూస్తూ మాట్లాడింది, నా జవాబు ఆమెకు అక్కర్లేదని నాకర్థమైంది.

"వినపడలే, మళ్ల చెప్పు అంటే అయిపోతుండె. గంతే మాట. నోరు రాలే. అందరు మిషన్ తప్పన్నరు, నేను గమ్మున ఉన్న. గిది నీకొక్కదానికే చెప్పిన." తర్వాత నా వైపు తిరిగింది. "రేపు నీ యెన్క గంత మంది కూసుంటరు. వాళ్లను పెట్టుకొని తలూపుతవా బిడ్డా?"

నాకు ముందు వచ్చింది కోపం. ధైర్యం కోసం వెళితే ఇంకో భయాన్ని తెచ్చి నెత్తిన పెట్టిందని ఉక్రోషం. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఆమె నా ఏడుపును పట్టించుకోలేదు. నా చెవులకు పెట్టుకునే ఆ డబ్బా తెమ్మంది. ఎందుకు, నీకేం తెలుసు అని నోటిదాకా వచ్చింది, మింగేసి కిందికెళ్లి తెచ్చాను. లోపల చిన్న మైకు ఉంటుందని, అది మోతను విని దానికి ఎదురు మోత పుట్టిస్తుందని వివరించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చెవికి ఆనేది ఎక్కడో చూపించమంది. చేతులు తుడుచుకుని, కళ్లు మూసుకుని, కుషన్ అంచు చుట్టూ వేలితో తడిమింది. నొక్కింది. నొక్కిన చోట సొట్ట పడి అలాగే ఉండిపోయింది. గోటితో గీస్తే పైతోలు పొట్టులా లేచింది. ఇన్నాళ్లూ రోజూ చేత్తో పట్టుకుంటున్నదాన్ని, నేనెప్పుడూ దాన్ని నొక్కి చూడలేదు.

"రబ్బరుకు నూనె తాకితే గిట్లనే అయితది," అంది. "నూనె చేత్తోని మేం బెల్టును ముట్టం." హెడ్‌సెట్ నా తలకు పెట్టి, చెవి కింద దవడ దగ్గర చిటికెన వేలు దూర్చింది. వేలు సులువుగా లోపలికి వెళ్లిపోయింది. నా కళ్లద్దాల కాడ చెవి మీదికి వచ్చే చోట ఇంకా పెద్ద సందు. ఇంత సందులోంచి మోత రాక ఏమవుతుందని అడిగింది. తర్వాత కుషన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పక్కనున్న గిన్నె వైపు, తన అరచేతుల వైపు చూసుకుంది.

"నా నూనెనే," అంది మెల్లగా.

ఆ మాట అన్నప్పటి ఆమె ముఖం నాకు ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు. ఒకసారి వేళ్లు తీసిన చేతులు ఇప్పుడు నా పని కూడా పాడుచేశాయని అనుకుందేమో. నేనామె చేతులు పట్టుకున్నాను, ఏమన్నానో గుర్తులేదు. ఆమె విడిపించుకుని గిన్నె తీసుకుని కిందికి వెళ్లింది. అరగంటలో కుంకుడుకాయ రసం కాచి పిలిచింది. నురగ కళ్లలోకి కారి మండుతున్నా వదలకుండా మూడుసార్లు రుద్దింది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ నా తలకు నూనె పెట్టలేదు.

కుషన్లు చెడ్డాయని తేలింది గానీ చెవులు బాగున్నాయని తేలలేదు. సోమవారం అద్దాల గదిలో బటన్ పట్టుకుని కూర్చున్నాను. అవతల కుర్చీలో ఉన్నాయన మోచెయ్యి స్పష్టంగా కనపడుతోంది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. నా గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కన్ను తెరవాలనిపించింది. అప్పుడు సన్నగా, దోమంత చప్పుడు. నొక్కాను. మళ్లీ చీకటి. వినపడనివి ఎన్ని దాటిపోయాయో తెలియదు, విన్నవాటికే నొక్కాను. బయటికొచ్చాక ఆయన గీతల కాగితం ముందర పెట్టి, ఎడమ చెవి సన్నని చప్పుళ్ల దగ్గర కొద్దిగా తగ్గిందని, అయినా హద్దులోనే ఉందని, ఇకనుంచి మోతలో జాగ్రత్తగా ఉండమని చెప్పాడు. 

శిక్షకుడికి కాగితంతో పాటు నిజం కూడా చెప్పాను, ఆ రోజు వినపడలేదని, ఊహించి చెప్పానని. తనకు తెలుసన్నాడు. కొత్త కుషన్లు వచ్చాయి. పొడి జుట్టు వెనక్కి దువ్వి, సన్న కాడల కళ్లద్దాలు పెట్టుకుని, హెడ్‌సెట్ తగిలించి, స్విచ్ వేసే ముందు దవడ దగ్గర చిటికెన వేలు పెట్టి చూశాను. దూరలేదు. స్విచ్ వేశాను, హోరు దూరంగా వెళ్లిపోయింది. టవర్ గొంతు అందులో ఒక్కో మాటగా వినపడింది. వేలు ఎందుకు పెట్టావని శిక్షకుడు అడిగితే ఇంట్లో నేర్పారన్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అంజవ్వ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. తల వంచి బూట్లు విప్పుకుంటూ, రేపు పొద్దున నన్ను ఒక్కదాన్నే పంపిస్తున్నారని చెప్పాను. తల వంచుకున్నానన్న సంగతి మరిచాను. అలవాటుగా వచ్చే "హా" కోసం చూశాను. అది రాలేదు.

"వినపడలే బిడ్డా. మళ్ల చెప్పు."

ఆమె నోట ఆ మాట అదే మొదటిసారి వినడం. తలెత్తి, ఆమె ముఖంలోకి చూసి, మళ్లీ చెప్పాను. ఆ తర్వాతి వారం ఆమె ఊరికి అటు చివర భేస్తాన్‌లో ఉండే శాంత ఇంటికి వెళ్లొచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కళ్లు మాత్రం వాచి ఉన్నాయి.

అంజవ్వ పోయి రెండేళ్లయింది. నేను ఏడాదికి రెండుసార్లు కుషన్లు మారుస్తాను, పొడిబట్టతో తుడుస్తాను, చిటికెన వేలు పెట్టి చూడనిదే స్విచ్ వేయను. నిన్న కూడా అంతే చేశాను. మేం పైకి వెళుతుండగా కంట్రోలర్ చెప్పిన అంకెల్లో చివరిది నాకు సరిగా అందలేదు. కెప్టెన్ అప్పటికే రాసేసుకుని, ఇదే, నేను విన్నాను అని చూపించాడు. నేను బటన్ నొక్కి మళ్లీ చెప్పమని అడిగాను. కెప్టెన్ రాసుకున్నదే సరైనది. ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వనీ, ఆయన శాంత చెయ్యి చూడలేదు.